మూడు గంజుల ఖాకీ విజయము

వినుడు, ఓ రసికజనులారా! చెవులలోని దుమ్ము దులుపుకొని మరీ వినుడు! ఏ సీమయందు మేఘములు చుట్టపుచూపునకు వచ్చి గుమ్మము బయటనే నిలుచుండి, కుశలమైనను అడుగక వెడలిపోవుచుండునో, ఏ సీమయందు పెన్నానది పేరునకు మాత్రమే నదియై చూపునకు ఇసుకపఱ్ఱయై పడియుండునో, ఏ సీమయందు గాలికి తప్ప తక్కిన సమస్త వస్తువులకును కరవు కలదో, అట్టి అనంతపుర మహాపీఠభూమియందు, పామిడి యను పట్టణమున, పంతొమ్మిదివందల ఎనుబదుల తొలినాళ్ళలో, వానలు మొగము చాటుచేసిన ఒకానొక శ్రావణమాసపు ఉదయమున, ఒక మహావీరుడు తన యింటి నడవలో చేతులు రెండును చాచి, కాళ్ళు రెండును ఎడముగా నుంచి, చేనిలోని దిష్టిబొమ్మవలె నిలిచియుండెను.

అతడెవ్వడని అడిగెదరా? అడుగవలసినదే. అతడు బెళుగుప్ప గ్రామ సంజాతుడు, సైకిల్‌వాహనుడు, లాఠీపాణి, పట్టికాత్రయాలంకృత బాహుదండుడు, సంతలోని జేబుదొంగల గుండెలలో నిద్రించువాడు, హెడ్ కానిస్టేబుల్ ఈరన్న! చొక్కాచేతిపై ఆ మూడు పట్టీలను ఇరువదేండ్లకు పైగా మోసిన ఆ వీరునకు లోకములో మిగిలిన కోరిక యొక్కటే. భుజముపై ఒక నక్షత్రము మొలవవలెను, తాను ఏ.ఎస్.ఐ. కావలెను. నక్షత్రమనగా ఆకాశములోనిది కాదు సుమా. ఇత్తడిది, రూపాయి బిళ్ళ పాటిది. ఆకాశములోని వానిని ఎవ్వడైనను నులకమంచముపై వెల్లకిల పడుకొని కావలసినన్ని చూచుకొనవచ్చును. ఈ ఇత్తడిదాని కొరకు మాత్రము సర్వీసంతయు నిలుచుండవలెను.

నిజము చెప్పవలెనన్న, అది నిరుడే అతని భుజముపై వ్రాలవలసినది. వ్రాలనీయనివాడు అనంతపురపు కవాతు మైదానమున నక్షత్రములు పంచిపెట్టు పెద్దదొర. ఆ దొర ధర్మము విచిత్రము. ఎందఱు దొంగలను పట్టితివని ఆయన అడుగడు. చొక్కా మడత యెట్లున్నదని చూచును. మడత కత్తివలె నిలిచినచో నక్షత్రము, నలిగినచో “వచ్చే ఏడు చూద్దాం.” నిరుడు ఈరన్న బస్సులో సీటు దొరికినది గదా యని హాయిగా కూర్చుండి, ప్రక్కనున్న వేరుసెనగ మూటను ఆనుకొని, గార్లదిన్నె దాటకముందే గుఱ్ఱుపెట్టెను. మైదానమున దొర అతనిని ఎగాదిగా చూచి, “ఏమయ్యా, మూటలోంచి తీసి నేరుగా తొడుక్కొచ్చావా?” అనెను. వరుసయంతయు పండ్లు బిగించుకొని నవ్వు మ్రింగెను. ఈరన్న చేతిక్రింద కవాతు నేర్చినవాడు ఆ దినమున నక్షత్రధారియై, నాటినుండి అదే ఠాణాలో కుర్చీయందు కూర్చుండగా, ఈరన్న ప్రతి ఉదయమును వానికి సెల్యూటు కొట్టుచుండెను. వచ్చే యేటికి ఈరన్నకు రిటైరుమెంటు. నేడు రాని నక్షత్రము ఇక రాదు. ఆ భుజము బోడిభుజముగనే పెన్షనునకు పోవలసియుండును.

కావుననే ఆ వీరుడు ముందటిదినమున తన గృహలక్ష్మియు, కయ్యమున తనకు ఏనాడును లొంగనిదియు నగు ఆంజినమ్మను పిలిచి, చరిత్రలో కనివిని యెఱుగని ఆజ్ఞ యొకటి జారీచేసెను.

“ఈతూరి మూడు గంజులు పెట్టల్ల.”

“మూడా?” అని ఆంజినమ్మ నడుముపై చేయి పెట్టుకొనెను. “తాగను నీళ్ళు లేక పెన్నలో చెలమలు తోడుకుంటాండాము. నీ చొక్కా మూడుతూర్లు తాగల్లనా?”

“నిరుడు ఒగటే పెట్టినావు. ఏమాయె?”

“నిరుడు నేను గంజి పెట్టింది నువ్వు మూటమింద పండుకోను కాదు.”

అనుటయే గాని ఆంజినమ్మ ఊరకుండలేదు. ఆ యింట సంగటి, జొన్నరొట్టెయే గాని వరియన్నము పండుగపూట మాట. సంగటి గంజి పెట్టినచో ఖాకీ నల్లబడును. అందుచేత ఆ తల్లి డబ్బా అడుగున దాచిన బియ్యమును దులిపి, చాలక ఇరుగింట చేటెడు, పొరుగింట దోసెడు అడిగి తెచ్చి, చెలమ నీరు వడగట్టి, తిట్టుచునే వండెను, తిట్టుచునే గంజి వార్చెను, తిట్టుచునే ముంచి, పిండి, ఆరవేసి, మరల ముంచెను. ఆమె నోట తిట్టున్నంతవఱకు ఈరన్నకు భయము లేదు. ఆమె తిట్టక చేసిన పనులే అతనికి చేటు తెచ్చినవి.

ఇస్త్రీ చేసిన చాకలి గంగప్ప ఆ దుస్తులను రెండు చేతులమీదను పలకవలె మోసికొని వచ్చి గోడకు ఆనించెను. ప్యాంటు తనంతట తాను నిలుచుండెను. చూచినవారెల్ల ఒక్కయడుగు వెనుకకు వేసిరి.

“అన్నా, ఇది గుడ్డ కాదు, తడిక అయిపోయినాది,” అని గంగప్ప చెమట తుడుచుకొనుచు హెచ్చరించెను. “కూచోవాకు. మోచెయ్యి అసలే వంచొద్దు. మోచేతికాడ గుడ్డ పాతబడినాది. వంచితే పర్రున చినుగుతాది.”

“వంచే పనేముండాదిరా? పొయ్యేది, నిలబడేది, నచ్చత్రం పెట్టించుకోని వచ్చేది,” అని ఈరన్న ధీరగంభీరముగా పలికెను.

అట్టి కవచమును ఆ ఉదయమున ఆలును గంగప్పయు చెఱియొక ప్రక్క పట్టి ఆ వీరునకు తొడిగిరి. టోపీ ఆంజినమ్మ పెట్టెను. బూటు లేసులు గంగప్ప కట్టెను. సంగటిముద్ద పెట్టబోగా వీరుడు వలదనెను. మెడ వంగవలసివచ్చును, వంగినచో కాలరు నలుగును. ఆంజినమ్మ గుమ్మములో నిలుచుండి పడమటి దిక్కునకు చూచుచు, ఒక్కసారి గొంతు తగ్గించెను.

“బెళుగుప్ప శేను సూసినావా? శెనక్కాయ ఆకు ముడుసుకోనుండాది. ఈ వారంలో వాన పడకుంటే ఇత్తనం గూడా దక్కదు.”

“పడుతాదిలే,” అనెను ఈరన్న, ఆమెవైపు తిరుగకనే. తిరుగుటకు కాలరు సమ్మతింపలేదు.

అంతట ఎఱ్ఱని ధూళిమేఘమును వెంటబెట్టుకొని, కీళ్ళన్నియు మూల్గుచు, ఎఱ్ఱబస్సు వచ్చెను. మెట్టు ఎక్కుటకు మోకాలు వంగవలెను, వంగరాదు. కండక్టరు బసప్ప పైనుండి చంకలు పట్టగా, గంగప్ప క్రిందనుండి మడమలు పట్టగా, ఉత్సవవిగ్రహమును పల్లకిలోనికి ఎక్కించినట్లు ఆ వీరుని బస్సులోనికి ఎక్కించిరి. లోపల నిలుచుటకు కాలు మోపు చోటు లేకుండెను. అయినను, పోలీసువాడు ఎక్కినచో డ్రైవరు వెనుక సీటు వానిదే యనుట ఆ సీమలో శాసనము. ఆ శాసనము వ్రాసినవాడు లేడు, కాదన్నవాడును లేడు. ఆ సీటులో నున్నవాడు చెప్పకమునుపే చటుక్కున లేచి నిలుచుండెను.

“కూచో ఈరన్నా,” అనెను బసప్ప.

ఇక్కడనే మొదటి యుద్ధము మొదలయ్యెను. శత్రువు కత్తి దూసి వచ్చినచో ఎదుర్కొనవచ్చును. మర్యాదచేయ వచ్చినచో వీరుడేమి చేయగలడు? “ఓ బసప్పా! టిక్కెట్టుల కట్టను విల్లువలె ధరించి, ఈల శంఖమువలె ఊదువాడా! ఎండకు పగిలి, వానను మఱచి, వేలాది ప్రజలచే ఆక్రమింపబడిన ఈ ఆసనము నేటి దినమున నాకు అగ్నికుండమని యెఱుంగుము! నా పిక్కలు తెగిపడనిమ్ము, నా నడుము నలిగిపోనిమ్ము, అనంతపురము వచ్చువఱకు ఈ ఈరన్న ఆసీనుడు కాడు!” అని అతని హృదయము ఘోషించెను. నోటినుండి వెలువడినది మాత్రము, “వద్దులేప్పా” అను ఒక్క ముక్కయే.

“అదేందన్నా? యాల వద్దు? కూచో.”

“నిలబడే వస్తా.”

“పోలీసోడు నిలబడితే మాకు బాగుంటాదా? కూచో అన్నా!”

ఈరన్న కడ్డీకి ఆనుకొని కొయ్యవలె నిలిచెను. చేయి యెత్తి కడ్డీ పట్టుకొనరాదు గదా. బసప్ప దయతలచి ఒక తుండుగుడ్డతో నడుమును కడ్డీకి కట్టెను. నలుగురు చూచిరి, నలుగురును గుసగుసలాడిరి. సీటు ఇచ్చినను కూర్చుండని పోలీసువానిని ఆ సీమ ఏనాడును చూచి యెఱుగదు. వెనుక వరుసనుండి ఒక నిర్ధారణ బయలుదేరి ముందు వరుసకు వచ్చెను. సెగగడ్డ లేచినది, లేచిన చోటు చెప్పుకొనదగినది కాదు. ఆ పిమ్మట వైద్యములు కురిసెను. వేపాకు నూరి కట్టుమని ఒకడు, ఉల్లిగడ్డ కాల్చి పెట్టుమని ఇంకొకడు. గుత్తిలో ఒక ముసలాయన నోటితో ఊది మాన్పునని వేఱొకడు చెప్పెను గాని, ఊదుట యెక్కడ అన్న ప్రశ్న రాగానే ఆ వైద్యము వీగిపోయెను. ఈరన్న చెవులు ఎఱ్ఱబడెను. కాని అతడు కూర్చుండలేదు.

రెండవ శత్రువు క్రిందనుండి వచ్చెను. ఆ సీటు ప్రక్కనే నల్లమ్మ యను అవ్వ ఒడిలో గంప పెట్టుకొని కూర్చుండియుండెను. గంపలోనుండి ఒక కోడిపుంజు మెడ చాచి లోకమును పరిశీలించుచుండెను. అవ్వకు కొంచెము చేను, ఈ పుంజు, ఇవియే ఆస్తి. చేను ఎండుచున్నందున పుంజును అమ్ముటకు అనంతపురము బయలుదేరెను. ఆ కుక్కుటరాజము, అగ్నిశిఖాసమాన కిరీటధారి, చాలదినములుగా కడుపునిండ గింజ ముట్టని బుభుక్షితుడు, ఎదుటనున్న ఖాకీ మోకాటిపై గంజితోపాటు అంటుకొని ఎండిపోయిన ఒక అన్నపుమెతుకును కాంచెను.

కాంచి, పొడిచెను.

హా! ఆ పోటు! ఏ ఇస్త్రీమడత కొరకు మూడిండ్ల బియ్యము వెచ్చమయ్యెనో, ఆ మడతపై, నేరుగా ఆ మడత అంచుపై! ఈరన్న కాలు విదల్చుదమనుకొనెను, మోకాలు వంగదు. వంగి అదిలించుదమనుకొనెను, నడుము వంగదు. చేతితో కొట్టుదమనుకొనెను, మోచేయి వంగదు. లాఠీకి జడిసి ఊరంతయు ప్రక్కకు తొలగు ఆ మహావీరుడు, కోడిపుంజు ముందు కట్టివేసిన కంబమువలె నిలిచి, చేతనైనది చేసెను. ఊదెను.

“ఉష్! ఉష్! అవ్వా, నీ పుంజును పట్టుకో!”

“ఆకలిగుండాది దానికి. ఆడ మెతుకుండాది. తిననీ పోప్పా,” అనెను నల్లమ్మ. “నీ గుడ్డల్లో ఉండే అన్నం మాయింట్లో లేదు.”

పుంజు మెతుకును ఊడబెరికి మ్రింగి, ఇంకొకటి కలదేమోనని ఒంటికంటితో వెదకి, లేదని తెలిసికొని శాంతించెను. మడత నిలిచెను. మోకాటివద్ద చిన్న చుక్క తప్ప గాయము లేదు. వీరుడు నిట్టూర్చెను, గట్టిగా కాదు, గుండీలు ఓర్చుకొనునంత మేరకే.

అప్పుడు మూడవ శత్రువు, సకల శత్రువులకును సార్వభౌముడు, పడమటి ఆకాశమున తలయెత్తెను.

నల్లనిది. నిజముగా నల్లనిది. ఆ సీమవారు ఊరక పొగమబ్బులకు మోసపోవువారు కారు. ఐనను ఆ మబ్బును చూచి బస్సులోని సమస్త జనమును కిటికీలవైపు ఒరిగెను. డ్రైవరు వేగము తగ్గించెను. “వస్తాండాది! వస్తాండాది!” అని ఎవ్వడో కేకవేసెను. నల్లమ్మ గంపను గుండెకు అదుముకొని, తల బయటపెట్టి, ముడుతల మొగమంతయు విప్పి నవ్వెను. చల్లని గాలి ఒక్కటి లోనికి వచ్చి అందఱి చెంపలను తాకెను. ఈరన్న చెంపను తాకినప్పుడు మాత్రము అతనికి మూడు గంజులును ఒక్కసారిగా కరగి కాలువకట్టి బూట్లలోనికి పోవుచున్నట్లు తోచెను.

అతడు కన్నులు మూసికొని వరుణుని ప్రార్థించెను. “హే జలాధీశ్వరా! పశ్చిమ దిక్పాలకా! ఇన్నాళ్ళు ఈ నేలకు దారి తెలియని నీకు నేడే, ఈ గంటయందే, నా చొక్కా మీదనే దారి కనబడినదా? నిన్ను రావలదనుట లేదు, కొంచెము ఆగుమనుచున్నాను! నక్షత్రము భుజమెక్కిన మరుక్షణమున నీ యిష్టము, ఊళ్ళు ముంచుము, ఏళ్ళు పొంగించుము, నన్ను కూడ కొట్టుకొనిపొమ్ము! అంతవఱకు వెనుకకు మరలుము!” ఇంతటి దండకమును అతడు మనస్సులోనే అనుకొనెను. కాని భక్తి పరవశమున కడపటి మాట పెదవులు దాటెను.

“పో సామీ, ఇప్పుడు వద్దు. వాన వద్దు. పో.”

కిటికీలవైపు ఒరిగిన తలలన్నియు ఇటు తిరిగెను. ఇంజను సైతము మెల్లగా మూల్గెను. నల్లమ్మ తల లోనికి తీసికొని ఆ ఖాకీస్తంభమును పాదములనుండి టోపీవఱకు చూచెను.

“ఏమంటివప్పా? వాన వద్దంటివా?”

“అది కాదవ్వా... గంజి...”

“గుడ్డలకు గంజి పెట్టుకోని వాన వద్దంటాండావా? మేము తాగను గంజి లేక వాన రమ్మంటాండాము!” ఆమె అరవలేదు. అరచియుండిన ఈరన్నకు అంత నొప్పి కలిగియుండదు. “నీకు శేను లేదా నాయనా? నీకు అమ్మా ఆలీ లేరా?”

ఈరన్నకు చేను కలదు. ఆ చేని ఆకు ముడుచుకొనియున్నదని ఆలి ఉదయమే చెప్పెను. చెప్పినప్పుడు ఆమె మొగము చూచుటకైనను అతడు తిరుగలేదు. సిగ్గు అతని మెడనుండి పైకి ప్రాకెను. తన చొక్కాను తాను ఆ క్షణమున అసహ్యించుకొనెను. అంతకంటె ఘోరమేమనగా, ప్రార్థన ఫలించెను. ఆ సీమ మబ్బులకు వెనుదిరుగుటకు నెపము దొరికిన చాలును గదా. గార్లదిన్నె దాటునప్పటికి ఆ నల్లని మబ్బు కొండలవైపు ఒదిగిపోయెను. బస్సులో ఒక్కరును ఈరన్నతో మాటలాడలేదు. బసప్ప సైతము కూర్చుండుమని అడుగుట మానెను. సీటు ఖాళీగా, ఎండలో తళతళలాడుచు, అనంతపురము దాక వచ్చెను.

అంతట కవాతు మైదానము! ఖాకీసముద్రము! బ్యాండు ధిమిధిమి! వరుసలు కట్టిన వీరులు కొయ్యలవలె నిలుచుండగా, పెద్దదొర చంకలో బెత్తముతో, కన్నులలో భూతద్దములతో, ఒక్కొక్క మడతను తూచుచు నడిచి వచ్చుచుండెను. ఒకని కాలరు చూచి పెదవి విఱిచెను. ఇంకొకని ప్యాంటు చూచి నిట్టూర్చెను. ఈరన్న యెదుటికి వచ్చి దొర ఆగెను. ఆగినవాడు కదలలేదు. చుట్టును తిరిగి చూచెను.

“ఆహా!” అనెను పెద్దదొర. “చూడండయ్యా, చూడండి! నిరుడు మూటలా వచ్చిన మనిషేనా ఇతను? మడతంటే ఇదీ!”

పిమ్మట పేరు పిలువబడెను. ఈరన్న ముందునకు అడుగులు వేసెను. మోకాళ్ళు వంగనందున ఆ నడక మైదానమున ఇంతకుముందెవ్వరును చూడని కవాతయ్యెను. బ్యాండువాడు సైతము తాళము తప్పి చూచెను. దొర యెదుట మడమలు టక్కున చేరెను. నక్షత్రము దొర అరచేతిలో మెఱసెను. ఒక్క సెల్యూటు కొట్టుటయే తరువాయి.

సెల్యూటు!

ఇరువదేండ్లుగా నిద్రలో కూడ తప్పక చేయుచున్న పనిని, దినమునకు ఎన్నిసార్లో లెక్కయే లేనిదానిని, మూడు గంజులు పెట్టించినప్పుడు ఆ వీరుడు మఱచిపోయెను. సెల్యూటునకు మోచేయి వంగవలెను!

ఖాకీలోకపు ధర్మము కఠినము. క్రిందివాని సెల్యూటు అందనిదే పైవాని చేయి కదలరాదు. పైవాని చేయి కదలనిదే మైదానమున ఒక్క ప్రాణియు కదలరాదు. ఈరన్న చేయి నెత్తెను. అది రోకలివలె నేరుగా ప్రక్కకు లేచి ఆగెను. మోచేతిని వంచబోయెను. పర్‌ర్‌ మని ఒక పోగు తెగెను. తక్షణమే ఆపెను. వంచినచో చినుగును, దొర ముక్కు క్రింద చినిగిన చొక్కాకు నక్షత్రము రాదు. వంచకున్నచో అవిధేయత, అవిధేయునకును నక్షత్రము రాదు. దొర కనుబొమ ఒకటి మెల్లగా పైకి లేచెను. వెనుక వరుసలో ఎవ్వడో దగ్గెను.

“ఓ వరుణదేవా!” అని ఈరన్న అంతరంగము ఆక్రోశించెను. “పొమ్మన్న నోటితోనే పిలుచుచున్నాను, సిగ్గు విడిచి పిలుచుచున్నాను! నా కొరకు రావలదు; నా మొగము చూచి రాదగిన పని నేను చేయలేదు. బెళుగుప్పలో ముడుచుకొన్న ఆకు కొరకు రమ్ము! గంపలో పుంజును పెట్టుకొని తిరుగుచున్న ఆ అవ్వ కొరకు రమ్ము! దారిలో నా మోచేతి మీదుగా రమ్ము!” అతని పెదవులు మాత్రము, “రా సామీ, రా” అని గొణిగెను.

గాలి ఆగెను. ఎక్కడినుండియో తడిమట్టి వాసన వచ్చెను. పెద్దదొర ముక్కు కొనపై, నడుమ, ఒక్క చినుకు పడెను. అటుపిమ్మట ఇంకొకటి. అటుపిమ్మట లెక్కలు లేవు. కొండలవైపు ఒదిగిపోయిన మబ్బు దొంగవలె వెనుకదారిన తిరిగివచ్చి, మైదానముపై కుండలు పగిలినట్లు కుమ్మరించెను. బ్యాండు డోలు మీద వాన తానే వాయించెను. ఎవ్వరును కదలలేదు, కదలరాదు. దొర మీసములు వ్రాలెను. దొర మడతలు, ఆ జగద్విఖ్యాతమైన మడతలు, కంటియెదుటనే కరగి కాళ్ళకు అతుక్కొనెను. ఖాకీలోకమంతయు నిలువునా తడియుచు, ఒక్క హెడ్ కానిస్టేబుల్ మోచేయి నానుటకై వేచియుండెను!

మొదటి గంజి కరగెను. రెండవ గంజి పాలవలె ముంజేతివెంట జారెను. మూడవది మొండికేసెను, ఆంజినమ్మ చేతి గంజి గదా! పిమ్మట అదియు మెత్తబడెను. మెల్లమెల్లగా, ఇంకొక్క పోగైనను తెగకుండ, మోచేయి వంగెను, చేయి లేచెను, వ్రేళ్ళు టోపీ అంచును తాకెను. అట్టి సెల్యూటు ఆ మైదానమున నభూతో నభవిష్యతి!

దొర ప్రతిసెల్యూటు చేసి, కన్నులలోని నీరు తుడుచుకొని అడిగెను. “సెల్యూట్‌కి ఇంతసేపేమయ్యా?”

“గంజి సార్,” అనెను ఈరన్న. దాచుటకు అతనియందు ఇక ఏమియు మిగిలియుండలేదు. “మూడు గంజులు పెట్టిచ్చినా సార్. చెయ్యి వంగలేదు.”

దొర అతని చొక్కాను చూచెను. అది నానిన పాతగుడ్డవలె భుజములనుండి వ్రేలాడుచుండెను. ఒక్క మడత లేదు. “వచ్చే ఏడు...” అని అలవాటుగా మొదలుపెట్టెను. దొర తన ప్యాంటును తాను ఒకసారి క్రిందికి చూచుకొనెను. “వచ్చే ఏడు నువ్వుండవు కదూ,” అని, తడిచేతులతో తంటాలుపడి, నక్షత్రమును ఆ మెత్తని భుజముపై గ్రుచ్చెను.

సాయంకాలము తిరుగుబస్సు వచ్చెను. వాన ఇంకను సన్నగా పడుచుండెను. ఎఱ్ఱని కాలువలు బాటకు అడ్డముగా పారుచుండెను. ఈరన్న మోకాళ్ళు వంచి, తన కాళ్ళతో తానే మెట్లెక్కెను. డ్రైవరు వెనుక సీటు ప్రక్కన నల్లమ్మ యుండెను. ఆమె ఒడిలో గంప, గంపలో పుంజు, పొద్దున నున్నది పొద్దున నున్నట్లే.

“అమ్మలేదా అవ్వా?”

“వాన పడినాది గదా, యాల అమ్ముతా? పైరు లేస్తే దానికీ నాలుగు గింజలు దొరుకుతాయి.” అవ్వ అతని భుజముపై నున్నదానిని చూచెను. “వచ్చినాదా నీ నచ్చత్రం?”

“వచ్చినాదవ్వా. వానను పిలిచింది గూడా నేనే.”

“ఆహా, మీ నాయన సొత్తు మరి! పొద్దున పొమ్మనేది, మాపున రమ్మనేది,” అని ఆమె కసరెను. కసరుచునే గంపను తనవైపునకు జరుపుకొని చోటు చేసెను. “నిలబడినావేందప్పా గడకర్ర మాదిరి? కూచో.”

ఈరన్నకు బెళుగుప్ప చేను జ్ఞాపకము వచ్చెను. ముడుచుకొన్న ఆకు ఈ వేళకు విప్పారియుండును. ఇంటికి పోగానే ఆంజినమ్మ తడిసిన చొక్కా చూచి తిట్టును, పిమ్మట నక్షత్రము చూచును, పిమ్మట మరల తిట్టును. ఈసారి తాను మెడ త్రిప్పి ఆమె మొగము చూచును. పుంజు మెడ చాచి, మెఱయుచున్న ఆ నక్షత్రమును గింజయనుకొని ఒంటికంటితో గుఱి చూచుచుండగా, వీరుడు మోచేయి వంచి, అవును, అవలీలగా వంచి, అరచేతితో దానిని మూసెను.

దిక్కులారా, వినుడు! పెన్నా యిసుకలారా, వినుడు! వజ్రకరూరు నేలలో ఇంకను దొరకని వజ్రములారా, మీరును వినుడు! గంజిత్రయ విమోచితుడు, కుక్కుటరణ ధురంధరుడు, ఏకనక్షత్ర విరాజితుడు, ఏ.ఎస్.ఐ. ఈరన్న, పామిడి పోవు ఎఱ్ఱబస్సులో, డ్రైవరు వెనుక సీటున, నలిగిన ప్యాంటుతో, నడుము వాల్చి, కూర్చుండెను!